స్టాంపింగ్‌కు వెళ్ళి సింగపూర్ చూసి రావడం: ఏది ముందు, ఏది వెనుక

అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద పనిచేసే తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ‘ఇండియా ప్రయాణం’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, అమ్మానాన్నలు. రెండోది స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో కొత్త అమెరికా వీసా వేయించుకోవడం. రెండింటినీ ఒకే సెలవులో ఇరికించడం మనకు అలవాటే. ఇప్పుడు మూడోది కూడా చేరుస్తున్నారు: దారిలో ఏదో ఒక ఊరు, మూడు నాలుగు రోజులు. పిల్లలకు కొత్త చోటు చూసిన సంబరం, పెద్దవాళ్ళకు మూడు వారాల చుట్టాల మధ్య నుంచి కాస్త తెరిపి.

ఇది హాయిగా కుదిరే పనే, వరుస సరిగ్గా పెట్టుకుంటే. నేను చూసిన పొరపాట్లు చాలావరకు ఒకే రకం. ఊరు చూడటాన్ని వెళ్ళేటప్పుడు పెట్టుకుంటారు. ‘ముందు సరదా తీరిపోతే తర్వాత నిశ్చింతగా పని చూసుకోవచ్చు’ అనిపిస్తుంది. కానీ వెళ్ళేటప్పుడు మీ పాస్‌పోర్టులో ఉన్నది గడువు తీరిన అమెరికా వీసా. తిరిగి వచ్చేటప్పుడు ఉండేది కొత్తది. భారతీయ పాస్‌పోర్టుతో సులువుగా అడుగుపెట్టగలిగే చాలా నగరాల తలుపు తెరిచేది ఆ కొత్త స్టాంపే. అందుకే ఈ మార్గదర్శి మొత్తం తిరుగు ప్రయాణం చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణకు సింగపూర్‌ను తీసుకున్నాను.

1. ఏ కాగితం దేనికో ముందు తేల్చుకోండి

వీసా అమెరికా గుమ్మం దాటడానికి. లోపల ఎన్నాళ్ళు ఉండవచ్చో చెప్పేది ఐ-94. ఐ-797 అంటే మీ కోసం కంపెనీ వేసిన హెచ్-1బీ పిటిషన్ (దరఖాస్తు) మంజూరైందన్న పత్రం. పాస్‌పోర్టులో వీసా గడువు తీరి మూడేళ్ళయినా, ఐ-94 చెల్లుబాటులో ఉంటే మీరు అమెరికాలో సక్రమంగా ఉన్నట్టే. దేశం దాటితేనే చిక్కు. బయట అడుగుపెట్టాక ఐ-797 చూపించి విమానం ఎక్కలేరు, సింగపూర్‌లోనో దుబాయిలోనో దాన్ని వీసాగా ఎవరూ లెక్కచేయరు.

అమెరికాలోనే వీసా రెన్యూవల్ చేసే ప్రయోగం ఒకటి 2024 జనవరి చివరి నుంచి ఏప్రిల్ 1 వరకు 20,000 మందికి పరిమితమై నడిచింది, అంతటితో ఆగింది. ఒకప్పుడు మన వాళ్ళు మెక్సికోకో కెనడాకో వెళ్ళి స్టాంపింగ్ చేయించుకుని, అక్కడే నాలుగు చోట్లు చూసి వచ్చేవాళ్ళు. 2025 సెప్టెంబరు 6న అమెరికా విదేశాంగ శాఖ కొత్త ఆదేశం ఇచ్చింది: వలసేతర వీసా కోరేవాళ్ళు తమ పౌరసత్వ దేశంలోగానీ, నివాసముండే దేశంలోగానీ దరఖాస్తు చేసుకోవాలి. అమెరికాలో ఉండే భారతీయుడికి దాని అర్థం ఒక్కటే, ఇండియా. పాత అనుభవాలు చెప్పి ‘మెక్సికోలో మాంటెర్రే వెళ్ళిపో, రెండు రోజుల్లో పని’ అనే స్నేహితుడి సలహా ఇప్పుడు పనికిరాదు.

2. ఇంటర్వ్యూ స్లాటు దొరికాకే మిగతా ఊహలు

ఇంటర్వ్యూ లేకుండా పత్రాలు ఇచ్చి వచ్చే డ్రాప్‌బాక్స్ రోజులు దాదాపు పోయాయి. 2025 సెప్టెంబరు 2 నుంచి హెచ్-1బీ, హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ జీవిత భాగస్వామికి, పిల్లలకు ఇచ్చే వీసా) వాళ్ళు ఇంటర్వ్యూకు వెళ్ళాల్సిందే. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు, 79 దాటిన పెద్దలకు ఉన్న మినహాయింపు కూడా తీసేశారు. కాబట్టి కుటుంబమంతా కౌన్సులేట్ దాకా రావాలి. ఈ కోవ వీసాకు రుసుము మనిషికి 205 డాలర్లు. ముగ్గురున్న ఇల్లయితే 615. ఇండియాలో అపాయింట్‌మెంటును అదనపు రుసుము లేకుండా ఒక్కసారే మార్చుకోగలరు. రెండోసారి మార్చాలంటే మళ్ళీ డబ్బు కట్టాలి. ఆ ఒక్క అవకాశాన్ని విమాన టికెట్ చవగ్గా దొరికిందనో, చిన్నాన్న కూతురి నిశ్చితార్థం ముందుకు జరిగిందనో ఖర్చు చేయకండి.

వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో గత అయిదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతారు. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారులు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలి. ఈ పరిశీలన మొదలైనప్పుడు ఇండియాలో ఆ డిసెంబరు ఇంటర్వ్యూలు చాలా వాటిని 2026 మార్చికీ, ఆ తర్వాతికీ జరిపారు. క్రిస్మస్ సెలవులకని వచ్చి ఇరుక్కుపోయిన కుటుంబాలు ఎన్నో. మీ స్లాటు కూడా జరగవచ్చన్న ఊహతోనే టికెట్లు తీయండి: తేదీ మార్చుకోగల టికెట్, రద్దు చేసుకోగల హోటల్. సింగపూర్‌ను మొదటి నుంచీ ‘దొరికితే దొరికింది’ అన్న ఖాతాలో రాసుకోండి.

అమెరికాలో ఉండగా మద్యం తాగి నడిపిన కేసులో అరెస్టయినవాళ్ళు, ఆ కేసు కొట్టేసినా సరే, సింగపూర్ మాట పక్కన పెట్టండి. గత అయిదేళ్ళలో అలాంటి అరెస్టు ఉంటే వైద్య పరీక్షకు పంపుతారు, ఆలస్యం తప్పదు.

3. వెళ్ళేటప్పుడు: ఎక్కడా దిగకండి, ఎక్కడ మారాలో జాగ్రత్త

మా స్నేహితుడొకడు టికెట్ చవగ్గా ఉందని లండన్ మీదుగా హైదరాబాదుకు బుక్ చేసుకున్నాడు. అమెరికా విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు తిరగేసిన ఉద్యోగి, ‘మీ వీసా గడువు రెండేళ్ళ కిందటే తీరింది, లండన్‌లో ట్రాన్సిట్ వీసా ఏదీ?’ అని అడిగితే వాడికి మాట రాలేదు. భారతీయులు బ్రిటన్‌లో విమానం మారడానికి, విమానాశ్రయం దాటకపోయినా, డైరెక్ట్ ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్ళకు మినహాయింపు. మనవాడి దగ్గర లేనిదే అది. భార్యాపిల్లలు వెళ్ళారు, వాడు మర్నాడు మరో దారిలో, మరో ధరకు.

షెంజెన్ (ఉమ్మడి వీసా ఉన్న యూరప్) దేశాల్లోనూ కొన్ని విమానం మారడానికే భారతీయులను వీసా అడుగుతాయి. దేశాన్నిబట్టి నియమం మారుతుంది కాబట్టి, టికెట్ కొనేముందు ఆ దేశపు దౌత్య కార్యాలయం వెబ్‌సైటు చూడాలి. నా సలహా ఏమిటంటే, వెళ్ళేటప్పుడు న్యూయార్క్ నుంచో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచో నేరుగా ఢిల్లీకి, అక్కడి నుంచి హైదరాబాదుకు. లేదా గల్ఫ్ విమానాశ్రయంలో బయటికి రాకుండా మారడం. 2025 జూన్‌లో కతార్ గగనతలం కొన్ని గంటలు మూతపడ్డప్పుడు దోహాలో పడిగాపులు పడ్డవాళ్ళను తలచుకుని, ఇంటర్వ్యూకు కనీసం వారం ముందే ఇల్లు చేరేలా చూసుకోండి. ఆ వారం వృథా ఏమీ కాదు. నిద్ర సర్దుకుంటుంది, అమ్మ చేతి వంట దొరుకుతుంది.

4. హైదరాబాదులో రెండు రోజులు, రెండు చోట్లు

వేలిముద్రలు, ఫొటో ఒక చోట: హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులోని వీసా దరఖాస్తు కేంద్రం. ఇంటర్వ్యూ మరో చోట: నానక్‌రామ్‌గూడలోని కౌన్సులేట్. 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి అక్కడికి మారింది. ఇంకా బేగంపేటకు తీసుకెళ్ళే బాబాయిలు ఉన్నారు, చూసుకోండి. ఫోను, బ్యాగు లోపలికి రానివ్వరు. బయట కారులో ఒక మనిషిని ఉంచుకుంటే హాయి.

అపాయింట్‌మెంట్ పత్రం మీద ఉన్న డీఎస్-160 సంఖ్య, మీరు తీసుకెళ్ళే నిర్ధారణ పత్రం మీది సంఖ్య ఒకటే కావాలి. మధ్యలో ఫారం మళ్ళీ నింపినవాళ్ళు ఇక్కడే పట్టుబడతారు. ఐ-797, ఉద్యోగ ధ్రువపత్రం, ఇటీవలి జీతం స్లిప్పులు ఒకే ఫోల్డరులో పెట్టుకోండి. ఆ ఫోల్డరు తర్వాత సింగపూర్‌లోనూ చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు.

ఇంటర్వ్యూలో సింగపూర్ మాట ఎత్తకండి. అడిగితే చెప్పండి, అంతే.

5. పాస్‌పోర్టు చేతిలో లేని రోజులు

ఇంటర్వ్యూ బాగా జరిగితే పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు. ఈ రోజుల్లోనే చాలామందికి కాలు నిలవదు. ‘ఖాళీగానే ఉన్నాం కదా, బ్యాంకాక్ వెళ్ళొద్దామా’ అంటారు, పాస్‌పోర్టు లేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొస్తుంది.

నిజానికి ఒక దారి ఉంది. నేపాల్‌కు భారతీయులు పాస్‌పోర్టు లేకుండా, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డుతో విమానంలో వెళ్ళవచ్చు. పశుపతినాథుణ్ణి దర్శించుకుని, పటన్ దర్బారు చతురస్రం చూసి మూడు రోజుల్లో తిరిగి రావచ్చు. ఆధార్ మాత్రం పదిహేనేళ్ళలోపు పిల్లలకు, అరవై అయిదు దాటినవాళ్ళకే చెల్లుతుంది. అమెరికాలో స్థిరపడ్డాక ఓటరు కార్డు ఎక్కడుందో కూడా తెలియనివాళ్ళే ఎక్కువ కాబట్టి, ఈ దారి కొందరికే. అయినా చెప్పాను, పాస్‌పోర్టు కౌన్సులేటులో ఉండగా చేయగల విదేశీ ప్రయాణాలు అరుదు.

ఇంటర్వ్యూకు ముందు వారంలో పాస్‌పోర్టు చేతిలోనే ఉంటుంది. 2026 డిసెంబరు 31 వరకు మలేసియా భారతీయులను ముప్పై రోజులు వీసా లేకుండా రానిస్తోంది. మరి కౌలాలంపూర్ వెళ్ళొస్తే? వెళ్ళొచ్చు, నేనైతే వెళ్ళను. తిరుగు విమానం ఒక్కటి రద్దయితే నెలలు ఎదురుచూసిన స్లాటు పోతుంది.

వీసా వెంటనే ఇవ్వకుండా ఆపామని చెప్పే 221(జి) కాగితం చేతిలో పెడితే సంగతి వేరు. అదనపు పత్రాలు అడిగారా, లేక కేవలం పరిశీలనలో పెట్టారా అన్నది ఆ కాగితమే చెబుతుంది. పాస్‌పోర్టు ఇచ్చేసినా సరే, అది ఎప్పుడు తిరిగి ఇమ్మంటారో తెలియదు. ఆ రోజే హోటల్ రద్దు చేసి, మేనేజరుకు ఫోను చేయండి. ఇండియా నుంచి పని చేయడానికి అనుమతి కావాలంటే ఇలాంటి పూట అడగడం కన్నా, బయలుదేరే ముందే రాతపూర్వకంగా తీసుకుని ఉంచుకోవడం మేలు. కుటుంబంలో ఒకరికే ఇలా జరిగిందంటే ఎవరు వెళ్ళాలి, ఎవరు ఉండాలి అన్న మాట కూడా బయలుదేరే ముందే అనుకుని ఉండాలి.

6. స్టాంపు వచ్చింది. ఇప్పుడు చదవండి

పాస్‌పోర్టును ఇంటికి తెప్పించుకోవాలంటే మనిషికి 1,200 రూపాయలు. లేకపోతే కేంద్రానికి స్వయంగా వెళ్ళాలి. 2025 ఆగస్టు నుంచి మీ తరఫున మరొకరికి ఇవ్వరు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలవి మాత్రం సంతకాలు చేసిన అంగీకార పత్రంతో తల్లిదండ్రులు తీసుకోవచ్చు.

చేతికందగానే అక్కడే నిలబడి నాలుగు చూడండి: పేరు అక్షరాలు, పుట్టిన తేదీ, పిటిషన్ సంఖ్య, గడువు తేదీ. తప్పుంటే దిద్దించాల్సింది ఇక్కడే, సింగపూర్‌లో కాదు. గడువు తేదీని ఇంకోసారి చూడమని ఎందుకంటున్నానంటే, తర్వాతి అడుగు దాని మీదే ఆధారపడింది.

7. ఏ ఊరు? కొత్త స్టాంపు ఏ తలుపు తెరుస్తుంది?

సింగపూర్‌కు భారతీయులు మామూలుగా వీసా తీసుకోవాలి. కానీ ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్తూ మధ్యలో ఆగేవాళ్ళకు వీసా లేకుండా 96 గంటలు ఉండే సదుపాయం ఉంది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్, జర్మనీ, స్విట్జర్లాండ్ దేశాల్లో ఒకదాని చెల్లుబాటయ్యే వీసా ఉండాలి. సింగపూర్‌లో దిగేనాటికి అది ఇంకా కనీసం నెల రోజులు చెల్లాలి. 96 గంటల్లో బయలుదేరే ఖరారైన టికెట్ చేతిలో ఉండాలి. హైదరాబాదు నుంచి అమెరికాకు వెళ్తూ ఆగే మీకు ఇది అచ్చంగా సరిపోతుంది. పాత గడువు తీరిన స్టాంపుతో, వెళ్ళేటప్పుడు, ఇది కుదిరేది కాదు. అయినా లోపలికి రానిచ్చే చివరి నిర్ణయం అక్కడి అధికారిదే.

అమెరికా పాస్‌పోర్టున్న మీ పిల్లలకు ఈ గొడవే లేదు, వీసా లేకుండా వెళ్తారు. పెట్టె నెట్టేవాడికి నియమాలు, పెట్టె మీద కూర్చున్నవాడికి స్వాగతం.

రెండో ఎంపిక అబుదాబి. అమెరికా వీసా ఉన్న భారతీయులకు యూఏఈ పద్నాలుగు రోజుల వీసా దిగిన చోటే ఇస్తుంది, రుసుము 100 దిర్హాములు. కానీ ఆ అమెరికా వీసా కనీసం ఆరు నెలలు చెల్లాలి. మీ పిటిషన్ చివరి నెలల్లో ఉండి స్టాంపు కూడా అంతవరకే పడితే సింగపూర్ కుదురుతుంది, అబుదాబి కుదరదు. అబుదాబికి మరో విశేషం ఉంది: అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడి విమానాశ్రయంలోనే పూర్తవుతుంది. అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుల్లా నడిచి బయటికి రావచ్చు. షేక్ జాయెద్ మసీదు, 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన బాప్స్ హిందూ మందిరం, లూవ్రె మ్యూజియం రెండు రోజులకు చాలు.

నా ఓటు మాత్రం సింగపూర్‌కే, ముఖ్యంగా అమెరికా పడమటి తీరం వాళ్ళకు. సింగపూర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలిస్, సియాటెల్‌కు నేరుగా విమానాలున్నాయి. న్యూయార్క్‌కూ ఉంది కానీ పద్దెనిమిది గంటల పైమాటే, చంటిపిల్లలున్నవాళ్ళు ఆలోచించుకోండి.

టికెట్ ఒకటే కావాలి: హైదరాబాదు–సింగపూర్, మూడు రాత్రుల విరామం, సింగపూర్–అమెరికా. వేర్వేరుగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ జవాబుదారీ కారు. 96 గంటలు గీసి గీసి వాడకండి. మూడు రాత్రులంటే ఒక విమానం ఆలస్యమైనా గడువులోనే ఉంటారు.

8. పెట్టెలు: ఎవరూ చెప్పని అడుగు

తిరుగు ప్రయాణంలో పెట్టె నిండా ఏముంటుందో మనకు తెలుసు. విరామం మూడు రోజులైతే పెట్టెలు సింగపూర్‌లోనే చేతికొస్తాయి, అంటే సింగపూర్ కస్టమ్స్ దాటాలి. కాబట్టి అమ్మ సర్దిన డబ్బాలు ఒక్కసారి విప్పి చూడండి. గసగసాలు తీసేయండి, గసగసాలు కలిపిన మసాలా పొడులు కూడా. యూఏఈలో గసగసాలు చట్టవిరుద్ధం, సింగపూర్‌లోనూ మాదకద్రవ్యాల విభాగం అనుమతి లేకుండా తేకూడదు. మటన్, చికెన్ పచ్చళ్ళు అటు సింగపూర్‌లోనూ కుదరవు, ఇటు అమెరికాలోనూ కుదరవు. ఆవకాయ, గోంగూర, కందిపొడి నిశ్చింతగా పెట్టుకోండి. నూనె కారకుండా కట్టడం మీ ఇంటి విద్య. కొడీన్ ఉన్న దగ్గు మందు, నిద్ర మాత్రలు ఉంటే సింగపూర్ నిబంధనలు చదివి, అవసరమైతే ముందే అనుమతి తీసుకోండి. ఈ-సిగరెట్లు వద్దే వద్దు.

పెద్ద పెట్టెలను ఛాంగీ విమానాశ్రయంలోనే సామాను భద్రపరిచే కౌంటర్‌లో పెట్టేసి, ఒక్క చిన్న సంచితో ఊళ్ళోకి వెళ్ళండి. ఆ డబ్బు ఖర్చని అనిపించదు.

9. మూడు రోజులు

దిగే ముందు మూడు రోజుల్లోపు సింగపూర్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

ఛాంగీ నుంచి మెట్రోలో ఎక్స్‌పో స్టేషన్‌కు, అక్కడ డౌన్‌టౌన్ లైను మారితే లిటిల్ ఇండియా. బ్యాంకు కార్డునే గేటుకు ఆనించి వెళ్ళవచ్చు. శాకాహారులు బస ఇక్కడే చూసుకుంటే తిండికి వెతుక్కోనక్కరలేదు. 1947 నాటి కోమల విలాస్, 1924 నాటి ఆనంద భవన్ రెండూ ఉన్నాయి. సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ కోవెలలో ఉదయం కాసేపు కూర్చోండి. 1975 నుంచి సింగపూర్ తెలుగు సమాజం ఉంది కాబట్టి, వెనుక వరుసలో తెలుగు వినిపిస్తే ఉలిక్కిపడకండి.

రెండో రోజు పొద్దున్నే బొటానిక్ గార్డెన్స్. 1859లో మొదలైన తోట, 2015లో యునెస్కో జాబితాకెక్కింది, ప్రవేశం ఉచితం. మధ్యాహ్నం ఎండకు ఎదురు నిలవకండి, గదిలో పడుకోండి. హైదరాబాదు కన్నా రెండున్నర గంటలు ముందున్న గడియారానికి ఒళ్ళు అప్పుడే అలవాటుపడదు. సాయంత్రం గార్డెన్స్ బై ద బే. 7:45కు, 8:45కు సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన పెద్ద కట్టడాలు) కింద వెలుగుల ప్రదర్శన ఉంటుంది, దానికీ టికెట్ లేదు. భోజనం ఏదైనా హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకే చోట ఉండే చోట. ఎక్కడ వరుస పొడుగ్గా ఉంటే అక్కడ నిలబడండి.

మూడో రోజు పిల్లలుంటే మండాయ్‌లోని జూ, లేకపోతే ఏమీ పెట్టుకోకండి. నాలుగో రోజు విమానానికి నాలుగు గంటల ముందే ఛాంగీ చేరితే అక్కడి జ్యుయెల్ మాల్‌లో నలభై మీటర్ల జలపాతం దగ్గర పిల్లలు అలసిపోయేదాకా పరుగెత్తుతారు. పెట్టెలు తిరిగి తీసుకోవడానికీ సమయం ఉంటుంది.

స్టాంపింగే వద్దు, ఊరే కావాలంటే

వీసా గడువు తీరినా ఐ-94 చెల్లుబాటులో ఉంటే, కెనడాకో మెక్సికోకో ముప్పై రోజులు మించకుండా వెళ్ళి, ఆ పాత వీసాతోనే తిరిగి రావచ్చు. దీన్ని ఆటోమేటిక్ రివాలిడేషన్ అంటారు. అక్కడ ఉండగా కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు చేశారా, ఈ సదుపాయం పోతుంది. కెనడాలో అడుగుపెట్టడానికి కెనడా వీసా వేరే కావాలి. టొరంటోలో వారాంతానికి ఇది చాలు, ఇండియా ప్రయాణానికి పనికిరాదు.

10. అమెరికాలో దిగాక

సింగపూర్‌లో విమానం ఎక్కే ముందు కౌంటర్‌లో కొత్త స్టాంపు చూపించండి, ఐ-797 అడిగినా చేతిసంచిలో సిద్ధంగా ఉంటుంది. దిగి ఇల్లు చేరాక, పెట్టెలు విప్పకముందే అమెరికా కస్టమ్స్ శాఖ వెబ్‌సైటులో కుటుంబంలో ప్రతి ఒక్కరి ఐ-94 తెరిచి తేదీ చూడండి. పాస్‌పోర్టు గడువు పిటిషన్ గడువు కన్నా ముందే తీరిపోతుంటే ఐ-94ను అక్కడికే కత్తిరిస్తారు. చాలామంది ఆ చిన్న తేదీని చూడకుండా ఏడాది గడిపేసి, వకీలుకు ఫోను చేస్తారు. తేడా కనిపిస్తే ఆ వారంలోనే కంపెనీ ఇమిగ్రేషన్ వకీలుకు రాసి, పాస్‌పోర్టు రెన్యూవల్‌కు దరఖాస్తు పెట్టేయండి. ఆ తర్వాత ఆవకాయ జాడీ తీయవచ్చు.